సౌండ్ పెట్టవే మధూ

అది పిచ్చి కాదు మేడం. ఆ నోట్‌బుక్కుల నా బిడ్డ మధు రాసింది పిచ్చి కాదు. మీరు పేజీ తిప్పినప్పుడల్లా నా దిక్కు చూస్తున్నరు. "ఏడో భాగం, పదకొండో నిమిషం, యుద్ధం, ఆరు నిమిషాలు." పందొమ్మిదేండ్ల పిల్ల యుద్ధాలకు నిమిషాలు లెక్కగట్టి రాసుకుంటదా అని గదా మీ అనుమానం.

రాసుకుంటది. ఎందుకు రాసుకున్నదో చెప్పేటందుకే ఠాణాకు వచ్చిన.

మా బావ సారయ్య మీకు ముందే చెప్పి పోయిండు. జపాను బొమ్మల సీరియళ్లు చూసి చూసి పిల్ల మతి చెడ్డదని. కత్తులు, నెత్తురు తప్ప దానికి ఇంకోటి పట్టలేదని. టీవీ బందు చెయ్యమన్నందుకు కన్నతండ్రిని రోకలితో కొట్టి చంపిందని. మా క్వార్టర్ల లైనంత కూడ అదే చెప్పింది. ఆ ఇంట్లకెల్లి ఎప్పుడు కొట్లాట సౌండే వస్తుండె అన్నరట.

వస్తుండె. వాళ్లు అబద్ధం చెప్పలే.

నన్ను కూడ గదే చెప్పమన్నడు బావ. తమ్ముడు ఎట్లాగు పోయిండు, వాని పేరన్న మిగలనీ అన్నడు. మతి చెడ్డదని రాయిస్తే పిల్లను జైల్ల ఉంచరట, దవాఖానాకు పంపుతరట. నేను ఒక్క సంతకం పెడితే సాలట.

పదకొండు రోజులు ఆలోచన చేసిన. ఆలోచన ఏంది, టీవీ చూసిన. అది చూసినవన్ని మొదటికెల్లి పెట్టుకోని చూసిన. మీరు చూసిన్రా మేడం, ఆ సీరియళ్లు? మా బావ చూసిండా? లైన్ల ఒక్కరన్న?

ఒకటున్నది, ఇనుప మనుషులది. ఒక్కొక్కటి బొగ్గు బంకరంత ఎత్తు. సముద్రంల నిలబడి కొట్టుకుంటయి. వాటి గుండె జాగల పిల్లలను కూసోబెట్టి తోలుతరు. కొట్లాట ఎంతసేపనుకున్నరు? భాగానికి ఐదారు నిమిషాలు. మిగిలిందంత, కూలిపోయిన బడిల ఇద్దరు ఆడపిల్లలు కూసోని నారింజపండు ఒలుచుకుంటరు. పెద్ద తొన ఎప్పుడు రెండోదానికే ఇస్తది ఒకతి. ఇన్నేండ్లు నేను దాన్ని పిడుగులు పడే కథ అనుకున్న.

ఇంకోటి ఒంటిచేతి మనిషిది. ఆడమనిషే. తన ఊరిని నరికినోళ్లను ఒక్కొక్కన్ని ఎతుక్కుంట పోతది. నెత్తురు లేదనను, మస్తున్నది. మంచు మీద చేతులు తెగి పడతయి. మెడలు తెగుతయి. కాని నరికిన ప్రతిసారి ఆమె పక్కకు పోయి వాంతి చేసుకుంటది. మోకాళ్ల మీద కూసోని, ఒక్క చేయి నేలకు ఆనించి. అది నాకు ఎన్నడు వినరాలే.

అవ్ మేడం. వినరాలే అనే అంటున్న. చూసింది ఇప్పుడే. ఇన్నేండ్లు వాటిని విన్న. తలుపు ఎనక ఉండి.

మా క్వార్టరు రెండర్రలు. ముందర్రల టీవీ. లోపలర్రల నేను, ఆయన.

మొదటిసారి మధుకు పదేండ్లు. తలుపు కాడ నిలబడి ఏడుస్తున్నది. లైన్ల ఇండ్లకు గోడలు కలిసే ఉంటయి, దగ్గితే పక్కింట్ల వినపడతది. నేనే అన్న లోపలర్రలకెల్లి. "బొమ్మలు చూడు బిడ్డా. సౌండ్ పెట్టుకో." నెత్తురు మింగి, గొంతు మంచిగ చేసుకోని అన్న. మీరు బయటోళ్లను అడుగుతున్నరు గద, ఎవరు నేర్పిన్రని. నేను నేర్పిన.

తర్వాత ఆయనకు అలవాటైంది. మొదటి షిఫ్టు చేసి నాలుగింటికి ఇంటికొస్తుండె. తానం చేస్తుండె. బొగ్గు బాయిల దిగేటప్పుడు లైటు బ్యాటరీ తగిలించుకునే వెడల్పు బెల్టు ఉంటది సూడండి, అది చేతికి చుట్టుకుంట ఆయనే అనేటోడు. సౌండ్ పెట్టవే మధూ. కోపంగ కూడ కాదు. మంచినీళ్లు ఇయ్యవే అన్నట్టు.

అది పెట్టేది.

పరుగుపందెం కథొకటున్నది. బడి పిల్లలు కట్టె చేతికిచ్చుకుంట ఉరుకుతరు. ఒక్క దెబ్బ లేదు దాంట్ల. కాని చూసే జనం అరుపులున్నయి గద, అబ్బో, మంచిగ పనికొచ్చేటియి. ఆ అరుపులల్ల నాది కలిసిపోయేది. ఆఖరికి ఎవరు గెలుస్తరో నాకు మొన్నటిదాక తెల్వదు. ఎవరు గెలవరు మేడం. వాన పడుతది, పందెం ఆపేస్తరు. పిల్లలు మాత్రం ఉరుకుతనే ఉంటరు.

"యమెతే" అని ఒక మాట వస్తుండె అన్నిట్ల. ఆడోళ్లు, పిల్లలు అరుస్తుండిరి. ఏందే అది అని ఒకసారి అన్నం తినుకుంట అడిగిన. ఆపు అని, అమ్మా, అన్నది. తల ఎత్తలే. వాళ్ల బాసల అంటే కూడ ఏం ఆగుతలేదు, మన బాసల అంటే ఏం ఆగుతది అని నవ్విన. అది నవ్వలే.

ఇప్పుడు నోట్‌బుక్కు మళ్ల చూడండి. నిమిషాలు ఎందుకున్నయో తెలుస్తది. ఏ భాగంల ఎక్కడికెల్లి పెద్ద చప్పుడు మొదలైతది, ఎంతసేపుంటది. అది కథలు ఏరుకోలే మేడం. చప్పుడు ఏరుకున్నది. ఆయనకు పది నిమిషాలు పట్టే రోజు పది నిమిషాల యుద్ధం కావాలె. నడుమల ఆగిపోతే లైనంత వింటది. తల్లి పరువు పోతది. గిదీ దాని చదువు.

ఆఖరి పేజీల ఒకటి రాసున్నది. చదవండి. సూపు దుకాణం కథ. ఎదురుంగ ఏం రాసింది? "చప్పుడు లేదు. నాకు."

కొండల నడుమ ఊరు. మంచు. ఒక ముసలామె సూపు అమ్ముతది. ఉల్లాకు తరిగే చప్పుడు, గిన్నె ఉడికే చప్పుడు, అంతే. వచ్చినోళ్లు తింటరు, వాళ్ల కష్టం చెప్పుకుంటరు, పోతరు. ఆమె గిన్నెల ఇంకొంచెం పోస్తది. మా పిల్లకు అన్నిట్ల నచ్చింది గదొక్కటే. ఆయన రెండో షిఫ్టుకు పోయిన రోజుల్ల ఒక్కతే చూసుకునేది. ఒకసారి ఆయన ఉండంగ అది నడుస్తున్నది, మార్చుడు మర్చిపోయింది. ఆయన బయటికొచ్చి చెంప పగలగొట్టిండు. పెదవి చీలింది. రిమోటు చేతిల పెట్టి, వేరేది అన్నడు. ఆ నోట్‌బుక్కు ఆ మర్నాటికెల్లి మొదలైంది. తారీఖున్నది, చూసుకోండి.

ఆయన ముందు గట్ల లేడు. చెప్తే నమ్మరు. నన్ను పెనుబల్లి నుంచి చేసుకున్నంక బండి మీద పర్ణశాల తీస్కపోయిండు, భద్రాచలం తీస్కపోయిండు. నీళ్లల్ల దిగితే నా చెయ్యి ఇడిచేటోడు కాదు.

బాయిల పనికి దిగినంక మొదటి పని, పైకప్పును రాడ్‌తోని కొట్టి చూసుడు. ఖంగుమంటే గట్టిగున్నట్టు. బోలు చప్పుడొస్తే ఎవరు దాని కిందికి పోవద్దు. ఆ పని ఆయనది. తొమ్మిదేండ్ల కింద ఒకరోజు చూడలే. చూసిన అన్నడు. దాని కిందికి మా పక్కింటి వాసు పోయిండు.

రాయి కూలినంక ఇవతలోళ్లు మూడు దెబ్బలు కొడతరు. బతికున్నవా అని అర్థం. లోపలోడు మూడు కొడితే ఉన్న అని. బాయి మీద బతికే ఇండ్లల్ల గోలీలాడే పిల్లలకు సుత తెలుసు. వాసు పొద్దుమూకేదాక కొట్టిండట. ఇవతల కొట్టిందెవరో తెలుసా మేడం? మా ఆయనే. వాసు బందైనంక కూడ ఈయన కొడుతనే ఉంటే నలుగురు పట్టి గుంజుకొచ్చిన్రు.

కొట్టి చూడలే అనే ముచ్చట నాకొక్కదానికే చెప్పిండు. ఒక్కసారే. చెప్పిన వారానికి మొదటిసారి నా మీద చెయ్యెత్తిండు. తెలిసినదాన్ని గద.

వాసు భార్య హైమ. వాసు కొలువు ఆమెకిచ్చిన్రు, ఆఫీసుల పని. క్వార్టరు అదే. మా లోపలర్ర గోడే ఆమె లోపలర్ర గోడ.

మా టీవీ మోగినప్పుడల్లా అటుకెల్లి వస్తుండె. మూడు దెబ్బలు. పప్పుగుత్తితోనో దేంతోనో. లైన్లోళ్లు ఏమనుకున్నరు, వీళ్ల టీవీ సౌండు ఆమెకు పడదు, తగ్గించమని కొడుతది అనుకున్నరు. నేనే అట్ల చెప్పుకున్న. మొగడు పోయినకాడికెల్లి ఆమెకు చిన్న చప్పుడు గిట్టదు అని నల్లా కాడ నవ్వుకుంట చెప్పిన.

ఒకసారి హైమ నా చెయ్యి పట్టుకున్నది నల్లా కాడనే. "ఏంది రోజక్కా, ఈ చెయ్యి" అన్నది. నేనేమన్ననో రాసుకోండి. మొగడు లేనిదానికి పక్కింటి మొగని ముచ్చట్లెందుకే అన్న. బిందెలు పట్టుకున్న అందరు విన్నరు. ఆమె చెయ్యి ఇడిచింది. మళ్ల నాతోని మాట్లాడలే. కొట్టుడు మాత్రం బందు పెట్టలే.

ఆ రోజు ముచ్చట మీ కాయితంల ఎట్లున్నదో నాకు తెల్వదు. నేను చెప్తున్న.

గాలిదుమారం లేచింది. ముందర్రల ఇనుప మనుషులు కొట్టుకుంటున్నయి. ఆయన నా జుట్టు చేతికి చుట్టుకోని మంచం ఇనుప పట్టెకు కొడుతున్నడు. ఒకటి. రెండు. కన్ను మీద పగిలి నెత్తురు కండ్లల్లకు వచ్చింది. ఇంతల కరెంటు పోయింది.

టీవీ ఆగింది. సముద్రం, ఇనుము, పిల్లల అరుపులు అన్ని ఒక్కసారే ఆగినయి. పట్టెకు నా నెత్తి తగిలిన చప్పుడు ఒక్కటే మిగిలింది. నాకే కొత్తగ వినొచ్చింది. సౌండ్ పెట్టుడు మొదలైన తొమ్మిదేండ్లల్ల మధు దాన్ని ఒట్టిగ వినుడు అదే మొదలు.

అప్పుడు గోడ మీద మూడు దెబ్బలు. టీవీ లేదు మేడం. తగ్గించేటందుకు ఏం లేదు. అయినా మూడు దెబ్బలు.

ఆయన ఆ దెబ్బలు ఎన్నడు వినలే, టీవీ మోతల. ఆగిండు. గోడ దిక్కు చూసిండు. ఆ ముఖం నేను చూసిన. వాసు మళ్ల కొడుతున్నడనుకున్నడో ఏమో. నా గొంతు పట్టిండు. రెండు చేతులతోని. "కొట్టకని చెప్పు దానికి" అన్నడు. మెల్లగ అన్నడు. గొంతు పట్టినోడు చెప్పమంటే ఎట్ల చెప్తరు. నా కాళ్లు నేలకు తగుల్తలేవు. ఇక్కడ మచ్చలు ఇంక పోలే చూడండి, బొటనవేళ్లవి. మీ డాక్టరు ఇవి రాయలే. నేను చున్నీ తియ్యలే, ఆయన అడగలే.

మళ్ల మూడు దెబ్బలు వచ్చినయి.

నా చెయ్యి గోడకు అందుతున్నది మేడం. వేళ్లు తగులుతున్నయి సున్నానికి. నేను కొట్టలే.

ముందర్రలకెల్లి వచ్చింది జవాబు. రోకలి ఇనుప పొన్నుతోని గోడ మీద, ఆగుకుంట ఆగుకుంట. ఒకటి. రెండు. మూడు. ఉన్నమని చెప్పింది నా బిడ్డ.

ఆయన నన్ను ఇడిచి అటు తిరిగిండు. తలుపు తెరుచుకున్నది. దాని ముఖంల కోపం లేదు. ఆ ఒంటిచేతి ఆమె ముఖం లెక్కనే, ఏం లేదు. రోకలి ఎత్తింది. మొదటి దెబ్బకు ఆయన మోకాళ్ల మీద పడ్డడు. రెండోదానికి పుర్రె పగిలిన చప్పుడొచ్చింది. ఖంగుమనలే. బోలుగ వచ్చింది. నేను ఆపలే. ఆపు అని ఏ బాసల అనలే.

తర్వాత అది మూలకు పోయి వాంతి చేసుకున్నది. మోకాళ్ల మీద కూసోని, ఒక చేయి నేలకు ఆనించి. హైమ చెప్పులు లేకుంట ఉరికొచ్చేసరికి అట్లనే ఉన్నది. నన్ను చూడలే హైమ. దాని జుట్టు ఎనకకు పట్టుకున్నది. లైన్ల మిగిలినోళ్లు ఎవరు రాలే. కరెంటు లేదు గద, అందరికి అంత వినపడ్డది. కూసోని విన్నరు. విని, జపానోళ్ల మీద పెట్టిన్రు.

బావ కాయితం మీద సంతకం పెట్టను. పిల్ల మతి మంచిగున్నది. ఆ ఇంట్ల మతి మంచిగున్నది దానికొక్కదానికే.

ఇంకోటి కూడ రాయండి. ఎవరు అడగలే, నేనే చెప్తున్న. హైమ కొట్టేది సౌండ్ గురించి కాదని నాకు మొదటి రోజే తెలుసు. బాయి మనిషి పెండ్లాన్ని, మూడు దెబ్బలంటే ఏందో నాకు తెల్వదా. కొడితే హైమ వస్తది. వస్తే ఆమె ముఖం చూడాలె. మీ ఆయన కిందికి పోయిన కప్పును మా ఆయన కొట్టి చూడలే అని నా కండ్లల్ల చదువుతదని భయం. ఆమె కొట్టినప్పుడల్లా నేనే లోపలికెల్లి అరిచేదాన్ని, ఇంకొంచెం పెంచవే మధూ అని. నా అరుపు బయటికి పోవద్దని కాదు. ఆ మూడు దెబ్బలు నా చెవుల పడొద్దని.

నేను ఇయ్యాల్సిన జవాబు మేడం. తొమ్మిదేండ్లు ఇయ్యలే. పిల్ల ఇచ్చింది.

ఇప్పుడు నేను చెప్పినదాని కింద సంతకం ఏడ పెట్టాలె? గీడనా? వద్దు, ఆ సిరా డబ్బా వద్దు. సంతకమే పెడత. పదో తరగతి పాసైన. తెల్వనిదాన్నేం కాదు.