పోయిందంటే యాడికి పోయింది?

1989 జూలై మూడవ తేదీన వడమాలపేట నుంచి తొలి బస్సులో తిరుపతికి వచ్చి, తీర గస్తీ వ్యయ విభాగంలో గుమాస్తాగా చేరిన శ్రీ ఎల్లప్ప గారు నేడు సీనియర్ సహాయకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇంతకన్నా పై హోదాలో చేయవలసినవారు. ఎందుకు చేయలేదో చెప్పకుండా ఆయనను అభినందించడం ఆయనకు గౌరవం కాదు.

తొలి ఇరవై ఏళ్ళు పడవల డీజిలు, తాళ్ళు, రంగుల అంచనాలలో గడిచాయి. సముద్రాన్ని ఆయన చూసింది తక్కువ. అది ఇనుమును ఎంత తింటుందో తెలుసుకున్నది ఎక్కువ. గస్తీ నౌకలకు చిన్న డ్రోన్లు వచ్చినప్పుడు, దీర్ఘకాలంలో వాటి నిర్వహణకు ఎంతవుతుందో అంచనా కట్టే బాధ్యత ఆయనకే అప్పగించారు. బ్యాటరీలు, రెక్కలు, ఉప్పుగాలి నష్టం, సిబ్బంది శిక్షణ అన్నీ చేర్చి ఆయన రూపొందించిన అంచనాకు ఆమోదం లభించింది. పదోన్నతి ఖాయమన్నారు.

ఆ వారమే గస్తీ నౌక నుంచి డ్రోన్లు ఎగరేసే సునీల్‌కుమార్ ఫోన్ చేశారు.

"ఇంకోటి పోయింది సార్. వేరేది పంపించండి."

"తిరిగొచ్చినాక చెప్పప్పా."

"యాడొస్తాది సార్?"

"మరి ఇన్నాళ్ళూ పోయింది, పోయింది అంటివే! పోయిందంటే యాడికి పోయింది?"

"నీళ్ళల్లోకి సార్. మీరేమి, తిరుమల కొండకనుకుంటిరా?"

"పోయింది" అన్న కబురు వచ్చినప్పుడల్లా, కడలిలో కూలినవాటిని ఎల్లప్ప గారు గస్తీకి బయలుదేరినవిగా లెక్కించారు. ఆ అంచనాయే నిలిస్తే, పోయినవాటి బదులు కొత్తవి కొనే డబ్బు లేక, కొన్నేళ్ళకు నౌకల మీద ఎగరడానికి ఏమీ మిగలదు. ఆయన నేరుగా అప్పటి పైఅధికారి గదికి వెళ్ళారు.

"సంతకాలయిపోయినాయి. నోరు మూసుకో ఎల్లప్పా, ప్రమోషన్ ఆగిపోతాది."

"ఆగిపోనీ సార్. రేపు జాలర్ల పడవ కనపడకపోతే ఎవురిని ఎగరమందాం, మిమ్మల్నా?"

తప్పు తనదేనని రాసిచ్చి, అంచనాను వెనక్కి తీసుకుని, మళ్ళీ కట్టారు. పదోన్నతి మరొకరికి దక్కింది. ఈ సంగతి సభలో చాలామందికి తెలుసు. తెలియనట్టు కూర్చోవడం సభామర్యాద కావచ్చు, న్యాయం కాదు. నిరుటి తుపానులో దారితప్పిన పడవను కనిపెట్టింది సవరించిన అంచనాతో కొన్న డ్రోనే. అందులోని మనుషులు ఇల్లు చేరారు. పదోన్నతి మాత్రం ఆయనను చేరలేదు.

ఈ సాయంత్రం ఎల్లప్ప గారు గుమ్మం దగ్గర ఆగి, అలవాటు ప్రకారం "పోయొస్తానప్పా" అంటారు. ఈసారి ఆ మాటను ఎవరూ సగమే వినకూడదు. ఆయన ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో, ఈ గుమ్మం మళ్ళీ మళ్ళీ తొక్కుతూ, "వస్తాను" అన్న రెండో సగాన్ని చాలా ఏళ్ళు నిలబెట్టుకోవాలి.