రాతితొట్టి నింపిందెవరు?

ఏమే మృణాళినీ, మళ్లా మేడమీదోళ్ల పిల్లతో గొడవా? మెట్లమీద నీళ్లు ఒలికించిందనా? ఊరు కాని ఊరొచ్చినోళ్లు, పోనీలేవే. ఇట్ల కూర్చో. ఆ ఫ్యాను కొంచెం నా పక్కకు తిప్పు. మీ ముత్తవ్వ, అదే, మా అత్త కమలాంబ, ఆమె కూడా అచ్చం నీలాగే. నీళ్ల కాడికొస్తే మనిషి కాదు. ఆమెనే వారం దినాలు నిద్ర లేకుండా చేసింది ఒకతి. ఓబులమ్మ. నీకెప్పుడన్నా చెప్పినానా? లేదా? అట్లయితే విను.

యాభైరెండో, యాభైమూడో. నేను ఈ పట్నానికి, చూలైలోని ఈ ఇంటికి కోడలుగా వచ్చిన ఏడాది. సీమలో వానల్లేవు. మా మామ నాగలింగం మిరపకాయల వ్యాపారం కదా, అనంతపురం పక్కనుంచి దళారుల చేతిమీదుగా బస్తాలు దిగేవి. ఆ ఏడు బస్తాలు రాలా, పండించినోళ్లే వచ్చినారు. నాలుగు కుటుంబాలు, మూటలు నెత్తిన పెట్టుకొని. మామకు మొహం చెల్లలా. ఖాళీగా ఉన్న గిడ్డంగి తెరిచి, ఉండండి అనేసినాడు. వీధంతా గుసగుసలు. పక్కింటి యతిరాజులు గోడమీద నుంచి తల పెట్టి, "కమలమ్మా, చెంబులూ గిన్నెలూ లోపల పెట్టుకో తల్లీ, కరువోళ్లు, ఆకలి ఏమైనా చేయిస్తుంది" అనేవాడు. ఆయన చెంబు ఒకటి పోయిందంట. తర్వాత వాళ్ల మంచం కిందనే దొరికింది, అది వేరే సంగతి. దొరికిందని వచ్చి చెప్పినాడా? చెప్పలా.

సెరి. గిడ్డంగికీ మనకూ పెరడొకటే. పెరట్లో బావి, బావి పక్కన ఇంత పొడుగు రాతితొట్టి. అత్త పొద్దున్నే ఆ తొట్టి నింపించి, మడి కట్టుకొని, ఆ నీళ్లతోనే అన్నీ చేసేది. ఒకనాడు పొద్దున లేచి చూస్తే చేంతాడు తడి. తొట్టి నిండా నీళ్లు! నన్ను పిలిచింది. "ఏమే వరదలక్ష్మీ, నువ్వు నింపినావా?" లేదత్తా. మామను అడిగింది. ఆయన గడ్డం గోక్కుంటా పేపరు వెనక దూరినాడు. "దొంగ నీళ్లు తోడుకొని పోతే సెరి, తొట్టి నింపే దొంగ ఎవడే?" అని అత్తకు ఒకటే ఆశ్చర్యం. ఎవరు తాకినారో ఏమో అని తొట్టెడు నీళ్లూ పారబోసింది. మర్నాడు మళ్లా నిండింది. మళ్లా పారబోసింది. ఇంకో వింత, ఎప్పుడూ కిర్రో కిర్రోమని ఏడ్చే గిలక ఆ వారం నోరు మూసుకొనింది. ఎవరో ఆముదం పూసినారు దానికి. యతిరాజులు అయితే దెయ్యమన్నాడు. "దెయ్యానికి ఆముదం ఎక్కడిదయ్యా?" అనింది అత్త.

ఎనిమిదో దినం, ఇంకా వెలుగు రాకముందే అత్త పెరటి తలుపు చాటున ముక్కాలిపీట వేసుకొని కూర్చుంది. పక్కన నన్ను నిలబెట్టింది. నాకు భయం ఒక పక్క, నవ్వు ఒక పక్క. వచ్చింది ఓబులమ్మ. పొడుగు మనిషి, ముక్కుపుడక అమ్ముకున్నట్టుంది, బెజ్జం మాత్రం ఉండాది. చప్పుడు కాకుండా చేది చేది తొట్టి అంచుదాకా నింపింది. ఆ తర్వాత తన బిందె నింపుకొనింది. అప్పుడన్నా పోయిందా? లేదే! మునగచెట్టు కింద చీకట్లో బిందె ముందర పెట్టుకొని కూర్చుంది.

అత్త ఆగలేకపోయింది. "ఏయ్, నీళ్లు నింపుకున్నావు కదా, పోలేదేం?" అని బయటికొచ్చేసింది. ఓబులమ్మ ఉలిక్కిపడి లేచింది. "నువ్వు పారబోస్తావో లేదో చూసి పోదామని కూచున్న్యా తల్లీ."

చూడు ఆ మాట! అత్తకు అర్థం కాలా, నాకూ కాలా. అప్పుడు చెప్పింది. వాళ్ల ఊర్లో ఒకరి బావిలో చేదుకుంటే ముందు ఆ ఇంటోళ్ల తొట్టి నింపాలంట. ఇంటోళ్లు ఆ నీళ్లు వాడుకుంటేనే మనకు నీళ్లిచ్చినట్టు. "మీ ఆయన చేదుకోమన్న్యాడు తల్లీ. కానీ నువ్వు దినామూ పారబోస్తాండావు. ఇయ్యను అంటాండావని నా బిందె మళ్లీ బాయిలోనే పోసి పోతాంటి." మరి ఏడు దినాలు ఏం తాగినారే అని అడిగింది అత్త. వీధి కుళాయి కాడ వీళ్ల వంతు వచ్చేసరికి నీళ్లు నిలిచిపోయేవంట. "జట్కాల కాడ గుర్రాలకు తొట్టి ఉండాది కదమ్మా" అనింది. ఏడుస్తా కాదే, మామూలుగా అనింది.

మామ అప్పుడొచ్చినాడు, పంచె సర్దుకుంటా. "నేనే చెప్పినాను కమలా, నీకు చెప్పడం మరిచిపోయినా." మరుపా! భయం. అత్త ఆయన పక్క తిరిగి కూడా చూడలా. చెంబు తీసుకొనింది, తొట్టిలో ముంచింది, నోరు పుక్కిలించింది, మొహం కడుక్కొనింది. "ఎత్తుకో బిందె" అనింది. అంతే.

ఆ దినంతో అత్త మారిపోయిందనుకోవద్దు. ఓబులమ్మను వంటింటి గడప తొక్కనీయలా. చేంతాడు అరిగిపోతా ఉందని గొణిగేది. కానీ తొట్టి మాత్రం మళ్లా పారబోయలా. ఏడాదిపాటు ఆ మనిషి నింపిన నీళ్లే మేము తాగినాము, నేనూ, మీ తాతా, అందరమూ. ఓబులమ్మ మాత్రం దినమూ మునగచెట్టు కింద కూర్చునేది. అత్త ఒక చెంబు ముంచినాకనే బిందె ఎత్తేది.

తర్వాత ఆడ వానలు పడినాయి. ఒక పొద్దున లేచి చూస్తే గిడ్డంగి ఊడ్చి ఉండాది, ఒక్కరూ లేరు. తొట్టి నిండా నీళ్లు. అత్త చెంబు పట్టుకొని మునగచెట్టు కిందికి పోయి చూసింది. "నేను లేచేదాకా ఉండలేదే. పారబోయనులే అని నమ్మి పోయిందా? లేకుంటే దోవకు నీళ్లే ఎత్తుకోకుండా పోయిందా?" అనింది. పాపం, చనిపోయే ముందు ఏడు కూడా అడిగింది నన్ను, అదే మాట. ఎవరినన్నా అడుగుదామన్నా ఊరి పేరు మేము ఏనాడూ అడగలా. ఏడాది ఉంటే, ఊరి పేరు అడగలా...

అదో, నీళ్ల లారీవాడు హారన్ కొట్టినాడు. లే, బిందెలు తీసుకొని పో. పోతా పోతా మేడమీద ఆ పిల్లను కూడా పిలువు.