మైదీన్ బాయి చెప్పని మాట

రంజాన్ ఉపాసాల నోంబు గంజి ఇచ్చిపోయిందే, ఆమె ఎవురంటావా? మైదీన్ బాయి కోడలు, తాయీ. నీకు ఆయన తెలీడులే, నువ్వు పుట్టకముందే పోయినాడు. మన మిరపకాయ మూటలు విరుదునగర్ మండీకి పోయేది ఆయన లారీలోనే. క్లీనరు జ్ఞానమణి, ఏసు సామి అంటే ప్రాణం వాడికి. మూటలకు తోడు నేను. కోవిల్‌పట్టి దాటితే చాలు, ఇద్దురూ మొదలుపెట్టేస్తారు. "దేవుని కొడుకు బాయీ, మనకోసరం సిలువ మీద ప్రాణం ఇడిసినాడు" అంటాడు వీడు. "దేవునికి కొడుకేందిరా? ఈసా ఎంతో పెద్ద నబీ, అల్లా పంపిన ప్రవక్త, మరియమ్మ బిడ్డ. ఆయన్ని సిలువ మీద సంపనేలేదు, అల్లా పైకి ఎత్తుకున్నాడు" అంటాడు ఆయన. సాత్తూరులో టీ తాగేటప్పుడు కూడా నిలపరు. నా తల పగిలిపోతాది. అయినా చూడు, బన్ను ఒకటి కొంటే ఇద్దురూ తుంచుకునేదే. ఆ బన్ను ఇప్పుడు ఎవురూ చెయ్యరు, గట్టిగా ఉండేది... ఏమి చెప్తా ఉంటి? ఆ, జ్ఞానమణి.

వాడికి ఊపిరితిత్తులు చెడిపోయె. విరుదునగర్ ఆస్పత్రిలో పండబెట్టినారు. ఇంగ తేలడని డాక్టరు చెప్పేసినాడు. పెండ్లాం లేదు, బిడ్డలు లేరు, పాస్టరుకు కబురు పోయింది, ఆయన ఇంకా రాలే. బాయి, నేను, ఇద్దరమే కూచోని ఉండాము. వాడు బాయి చెయ్యి పట్టుకొని, "పాస్టరు వచ్చేలోగా పోతానేమో బాయీ. సిలువ కత నువ్వు చెప్పు, విని పోతాను" అన్నాడు. బాయికి ఆ కత తెలీదా? లారీలో అన్నేండ్లు విన్నదే. మొదలుపెట్టినాడు పాపం. ఏసు తోటలో ఒంటిగా మొక్కుకున్నాడు, కూడా ఉండేవాళ్ళంతా ఇడిసిపెట్టి పారిపోయినారు, అంతవరకూ వచ్చె. సిలువ కాడ నిలిచిపోయె. 

నాకు కోపం వచ్చింది తాయీ. "చెప్పేయప్పా, వాడు పోతా ఉండాడు గదా! ఏసు అయితే ఏమి, ఈసా అయితే ఏమి, అంతా ఒగటే గదా!" అంటి. ఇద్దురూ నామీద పడిరి! ముక్కులో గొట్టం పెట్టుకొని జ్ఞానమణి అంటాడు, "ఒగటి కాదు నాయక్కరే. ఒగటయితే ఇన్నేండ్లు మేమెందుకు గొంతు చించుకుంటిమి?" బాయి అంటాడు, "నువ్వు కొంచెం నోరు మూసుకో." మూసుకుంటి, ఇంకేం చేసేది?

మళ్ళా జ్ఞానమణే అన్నాడు, "నీ మనసులో లేనిది నా చెవిలో వెయ్యొద్దు బాయీ. నీ వేదంలో ఉండేది చెప్పు." అప్పుడు చెప్పినాడు. మరియమ్మకు నొప్పులు వచ్చెనంట. తోడు ఎవురూ లేరు. ఖర్జూర చెట్టు మొదలు పట్టుకొని, "దీనికి ముందే సచ్చిపోయుంటే బాగుండునే" అని ఏడిసిందంట. "దుఃఖపడొద్దమ్మా, నీ కాళ్ళ కింద ఊట పుట్టించినాడు దేవుడు, చెట్టు కదిలించు, పండ్లు రాలతాయి, తిను, తాగు" అని గొంతు వినిపించెనంట. జ్ఞానమణి కండ్లు పెద్దవి చేసినాడు. "మా పుస్తకంలో ఇది లేదే బాయీ. ఆ తల్లి అంత కష్టపడిందా? మళ్ళా చెప్పు." మళ్ళా చెప్పినాడు. సగంలోనే వాడు పోయినాడు. బాయి నిలపలే. తిను, తాగు అనేదాకా చెప్పే లేసినాడు.

బాయి కూడా పోయి ఎన్నేండ్లో అయె. మట్టి వేసి వచ్చినాక ఆయన కొడుకు పక్కన నిలబడి, కావాలనే అంటి, "అంతా ఒగటే గదప్పా" అని. కస్సుమంటాడేమో, నాయన మాదిరి ఒక్క మాట అంటాడేమో అని చూసినా. "అవును మామా" అన్నాడు. అనేసి చెప్పులు వెతుక్కున్నాడు. గోరీల దొడ్డి గేటు కాడ నిలబడి ఏడిస్తి తాయీ. బాయి పోయింది నాకు అప్పుడు తెలిసె. ఇప్పుడు నేనేమి చెప్పినా ఊరంతా అవునంటాది...