రత్నమాణిక్యానికి పడిన సూది

చచ్చిపోయిన అక్క పేరు తీసుకుని పుల్లమ్మ తనకి పెట్టేసుకుంటే, ఆ అక్క ఊరుకుంటదా? తలకాయలు ఊపడం కాదు, నోరు తెరిచి చెప్పండి. చెప్పలేరు. అయితే వినండి.

పుల్లమ్మది కనిగిరి అవతల ఒక మెట్టపల్లె. ఆమెకి ముందు వాళ్ళమ్మకి ఇంకో ఆడపిల్ల ఉండేదంట, రత్నమాణిక్యం. పేరుకి తగ్గట్టే మెరిసిపోయేదంట. పలక మీద అక్షరాలు దిద్దే వయసులో ఆ పిల్లకి కోరింత దగ్గు పట్టుకుంది. కోరింత దగ్గంటే మీరెవరూ వినలేదు, అందుకే ఇట్టా నవ్వుతా కూచున్నారు. దగ్గీ దగ్గీ ఊపిరందక చివర్న ‘ఊఁప్’ మని గాలి లోపలికి లాగుద్ది అనుకోండి, ఎవరో గొంతు పట్టుకుని నులుముతున్నట్టు. అట్టా లాగీ లాగీ ఒక పొద్దున లాగడం ఆపేసింది. ఆ తర్వాత పుట్టింది ఈమె. ఈ పిల్లన్నా దక్కాలని ఏం చేశారంటే, పుట్టీ పుట్టగానే తీసుకుపోయి ఎంగిలి విస్తరాకుల మీద దొర్లించారు. పొరుగావిడ గుప్పెడు నూకలిచ్చి కొనుక్కున్నట్టు కొనుక్కుని, మళ్ళీ తల్లి ఒళ్ళో పెట్టింది. పుల్లాకులంటే ఆ ఎంగిలాకులే, వాటి మీద దొర్లింది గాబట్టి పుల్లమ్మ. ఎంగిలాకుని ఎవరు ఎత్తుకుపోతారు? చావు కూడా చూసి, ఛీ అని, దాటుకుని పోద్దని వాళ్ళ నమ్మకం. దాటుకునే పోయింది. పుల్లమ్మ బతికింది, మాలకొండయ్యని చేసుకుంది, లేకలేక ఒక కూతుర్ని కన్నది.

ఆ కూతురు సులోచన మొగుడితో పాటు మంచు పడే దేశంలో ఉండిపోయింది. కడుపుతో ఉంది. అమ్మానాన్నల్ని ఇంక అక్కడే ఉంచుకుంటానని అర్జీ పెట్టింది. తప్పు మాత్రం అంతకు ముందే, ఆధార్ కార్డులు తీసిన రోజునే జరిగిపోయింది. పేరేందవ్వా అని కార్డులు రాసే అబ్బాయి అడిగాడు. వరసలో వెనక నిలబడ్డోళ్ళందరూ స్వాతులూ లావణ్యలూనూ. పుల్లమ్మకి సిగ్గేసింది. ఇంత వయసొచ్చి ఎంగిలాకు పేరు ఎట్టా చెప్పేది? "రత్నమాణిక్యం" అనేసింది. పక్కనున్న మాలకొండయ్య బిత్తరపోయి "ఎవరే ఆమె?" అన్నాడు. "నేనే, నోరు మూసుకో" అంది. ఆ పేరే పాసుపోర్టులోకి పోయింది, అర్జీలోకీ పోయింది.

ఏమైందంటే, ముసలాళ్ళయినా సరే టీకాలు వేయించుకుంటేనే రానిస్తామంది ఆ దేశం. మాలకొండయ్య ఎగిరిపడ్డాడు. "పసిపిల్లలకేసే టీకాలు నాకేందీ? ఉయ్యాల కూడా కట్టిద్దా మీ దేశం?" సులోచన ఫోనులోనే కసిరింది. "ఉయ్యాల్లో పడుకునేది వేరే వస్తంది నాన్నా. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు, మూడిటికీ కలిపి ఒకటే సూది. పెద్దాళ్ళకి వస్తే మామూలు దగ్గనుకుంటారు, అదే పసిదానికి అంటితే ఊపిరాడదు." కోరింత దగ్గు అన్న మాట చెవిన పడగానే పుల్లమ్మ చేతిలో చెంబు కింద పెట్టి ఫోను దగ్గరికి జరిగింది.

పట్నంలో పెద్దాస్పత్రి. మాలకొండయ్య ముందు పోయి, చెయ్యి రుద్దుకుంటా బయటికొచ్చాడు. నర్సమ్మ గుమ్మంలోకొచ్చి "రత్నమాణిక్యం!" అని పిలిచింది. పుల్లమ్మ నోరు తెరిచేలోపు, ఆమె పక్కన, ఖాళీ బెంచీ మీద నుంచి "ఆఁ" అంది ఒక పసిగొంతు. పుల్లమ్మ ఆ వైపు చూడకుండా లేచింది. ఎట్టాగో లోపలికి పోయింది. "పాపని బయటే కూచోబెట్టండవ్వా" అంది నర్సమ్మ. ఈమె గబగబా కుర్చీలో కూచుంది. చేతి దండ మీద నర్సమ్మ దూదితో తుడిచింది, చల్లగా తెలిసింది. తర్వాత ఏమీ తెలవలా. "వెయ్యి తల్లీ" అంది. "వేశానవ్వా, లెయ్యి" అంది నర్సమ్మ. సూదిలో మందు లేదు. దూదికి నెత్తురు చుక్క ఉంది. పుల్లమ్మ దండ మీద మాత్రం గాటు లేదు, గుర్తు లేదు. కుర్చీ వెనక నుంచి సూది పడిన పిల్ల ఏడ్చినట్టు ఒక సన్నటి ఏడుపు వినపడింది, ఆ వెంటనే దగ్గు, దగ్గు చివర్న ‘ఊఁప్’.

ఇంటికొచ్చాక మాలకొండయ్యకి దండ వాచి ముద్ద నోటిదాకా పోవడంలా. "నీకేమే, రాయి పుట్టక పుట్టావు" అని సణుగుతున్నాడు. పుల్లమ్మకి నొప్పీ లేదు, జొరమూ లేదు. వసారాలో మంచం మీద కూచుంటే మాత్రం, పక్కన ఇంకెవరో కూచున్నట్టు నులక కొంచెం కుంగుద్దంట.

ఇంతలో సులోచన ఆడపిల్లని కన్నది. ఫోనులో చూపించింది. ఆ పసిగుడ్డు అమ్మమ్మని చూడలా, అమ్మమ్మ భుజం పక్కకి చూస్తంది. "అమా, నీ పక్కనెవరి పాపే? పాడు దగ్గు దగ్గుతంది" అంది సులోచన. పుల్లమ్మ మెడ తిప్పలేదు. చెవి దగ్గర వేడి ఊపిరి తగిలింది. "నేనూ వస్తా చెల్లే. టిక్కెట్టు నా పేరు మీదే గదా."

అప్పుడు చెప్పేసింది పుల్లమ్మ, కూతురికి అంతా చెప్పేసింది, కాయితాల్లో పేరు మార్పించమంది. సులోచన అరిచింది. "ఇప్పుడు పేరు మార్చితే అర్జీ మళ్ళీ మొదటికొస్తది! నువ్వొచ్చేసరికి బిడ్డ పాకుద్ది, నడుస్తది, నీ మొహం కూడా తెలవదు దానికి! టీకా వేసినట్టు వాళ్ళే రాసిచ్చారు గదమా!"

"రాసింది అక్క పేరు మీద, పడిందీ అక్కకే. నా ఒంట్లోకి రాలా. ఆ దగ్గుని వెంటేసుకుని నీ ఉయ్యాల దగ్గరికి నేను రానే. నడవనియ్యి. నడిచేదాకా బతికుండాల గదా."

మాలకొండయ్య నవ్వుతాడనుకున్నారు గదా మీరు? నవ్వలా. తన దండ చూసుకుని, ఆమె దండ చూశాడు. "దీనికి నొప్పి రాలేదమ్మా. ఆ మాట నిజం" అన్నాడు.

పేరు మారేసరికి అక్కడ బిడ్డకి పళ్ళొచ్చినాయి. మళ్ళీ అదే ఆస్పత్రి. డాక్టరు గొణిగాడు, కానీ పుల్లమ్మ పేరు మీద ఏ టీకా వేసినట్టూ లేదు, ఏం చేస్తాడు, రాసిచ్చాడు. నర్సమ్మ ఈమెని గుర్తుపట్టింది, పట్టనట్టు ఊరుకుంది. గుమ్మంలో నిలబడి "పుల్లమ్మ!" అని పిలిచింది. ఎవరో కిసుక్కున నవ్వారు. "ఆఁ, నేనే. ఎంగిలాకు పుల్లమ్మని. వస్తన్నా" అంటా లేచింది. పక్కన బెంచీ నోరెత్తలా. సూది దిగింది. "అబ్బా!" అని ఒక్క కేక పెట్టి, అంతలోనే పక్కున నవ్వింది, నొప్పి పుట్టిందని. పోతా పోతా బెంచీ దగ్గర వంగి, "అక్కా, నీ సూది నీకు పడింది. ఆలస్యమైపోయింది, నీ కాలానికి అందలేదు. పేరు నీదే, తిరిగిచ్చేశాను. ఇంక ఊపిరి పీల్చుకో" అంది. బెంచీ మీద నుంచి గాలి పొడుగ్గా లోపలికి పోయిన చప్పుడు. ‘ఊఁప్’ లేదు. మెల్లగా బయటికొచ్చింది. అంతే, ఇంక ఏమీ వినపడలా.

పుల్లమ్మ విమానం ఎక్కింది. మనవరాలు గుమ్మం దాకా నడుచుకుంటా ఎదురొచ్చింది. ఆ నర్సమ్మ మాత్రం ఇప్పటికీ ఆ బెంచీ మూల ఎవరినీ కూచోనియ్యదంట.

మా కాలంలో టీకాలున్నాయా, మేం బతకలేదా అంటారు గదా మీ పెద్దాళ్ళు? బతకనోళ్ళు వచ్చి మాట్లాడలేరు, అందుకని వీళ్ళ మాటే చెల్లుతంది. కాబట్టి లేవండి. ఇంటికి పోయి మీ అవ్వనడగండి, నీకు ముందు పుట్టి పోయినోళ్ళ పేర్లేందని. ఆ పేర్లు ఒక్కసారి గట్టిగా పలకండి. పలికాక అవ్వ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, తన సొంత పేరు తన నోటితోనే చెప్పించి, టీకా వేయించుకు రండి.