డ్రమ్ము అడుగున మూడు కన్నాలు

గాజువాకలో, పాత ప్లాస్టిక్ కొని మిషనులో నలగ్గొట్టే కరీం బాషా షెడ్డు. ఎండాకాలం మధ్యాహ్నం, కరెంటు లేదు, తలుపుకి లోపల గడియ పడింది.

“...కదిలితే పీక కోసెత్తాను. సెయ్యి అలాగే ఉంచు.”

“కట్టేశావు కదా బేటా, ఇంకెక్కడికి కదులుతాను? మోచెయ్యి దాకా మిషను నోట్లో పెట్టేశావు. నూకాలూ, ఒక్క మాట...”

“నా పేరెత్తకు. ఆ నోటితో నా పేరెత్తకు.”

“ఎదురు వీధిలో ఉంటావు, పోర్టులో కళాసీవి. ఏం పేరుతో పిలవను?”

“స్విచ్చు ఏసీసి ఉంచినాను, సూసినావా? మూడింటికి కరెంటు వత్తాది. వచ్చీగానే నీ మిషనే నీ సెయ్యిని బకెట్టు ముక్కల్లాగ నమిలీసి కిందికి ఒగ్గెత్తాది. నాను నిలబడి సూత్తాను. నా గుంట గిలగిల్లాడతంటే సూసినాను కాదా, అలాగే సూత్తాను.”

“పాప పోయిందని తెలిసింది. రెండు రోజులైంది, ముద్ద దిగలేదు నాకు...”

“దిగనేదా! ఇంద, ఇది దింపు!”

“యా అల్లా... పన్ను. పన్ను ఊడింది.”

“ఊడనీ. మా పోతమ్మకి పాలపళ్లు కూడా ఊడనేదు. అయిదేళ్లు దానికి. నోట్లో నురగ, కళ్లు తేలేసినాది. పెద్దాసుపత్రికి ఎత్తుకెల్తంటే నా భుజమ్మీదే సల్లబడిపోనాది. డాక్టరేటన్నాడో తెలుసా? పురుగుల మందన్నాడు. మాకు సేనెక్కడిది, పురుగులెక్కడివి? నాను డూటీలో ఉండగా నీ డ్రమ్ములో నీళ్లు తాగీసినాది! అదిగో, దొర్లించుకొచ్చినాను. సూడు, నీదేనా?”

“నాదే. కాదనను.”

“ఒప్పుకున్నావు!”

“అమ్మాను. నీళ్లకి కాదు, బొగ్గులకి. మీ ఆవిడే వచ్చింది. బొగ్గులు పోసుకోడానికి ఒక డ్రమ్ము ఇయ్యి భాయ్ అంది...”

“అబద్ధం! మా పాపాయమ్మ ఆసుపత్రి మంచమ్మీద, సెలైను ఎక్కతంటే సెప్పినాది. బాసా నీళ్ల డ్రమ్మనే ఇచ్చినాడని. సావుబతుకుల్లో ఉన్న మనిసి అబద్ధమాడతాదా?”

“ఎలా ఉంది ఆవిడకి?”

“బతికినాది. సంటోడు రొమ్ము తాగతన్నాడు గనక వాడికి ఆ నీళ్లు పట్టనేదు. వాడూ బతికినాడు. మా గుంటే... ఏయ్, మాట మార్సకు. బొగ్గులకిచ్చానని నీ దేవుడి మీద ఒట్టెయ్.”

“వెయ్యను.”

“ఎయ్యవు! ఎలాగేత్తావు?”

“అరవై రెండేళ్లొచ్చాయి నాకు. నిజానికి కూడా ఏనాడూ ఒట్టు వెయ్యలేదు. అబద్ధపు ఒట్టు వేసినవాడు ఇక్కడ తప్పించుకున్నా అక్కడ తప్పించుకోడు. ఒట్టొద్దు బేటా, సాక్ష్యం చూపిస్తాను. టైమెంతయింది? గోడ గడియారం నీ వెనకాలే ఉంది.”

“పావుతక్కువ మూడు.”

“చాలు. ఆ డ్రమ్ము బోర్లించు. అడుగు చూడు.”

“ఏటి సూడాల?”

“బోర్లించు. నేనెక్కడికి పోతాను? ఈ కట్టింది నైలాను తాడు, మీ ఓడల్లోదే. లాగితే సాగుద్ది గానీ తెగదు.”

“...బోర్లించినాను.”

“మూడు బొడిపెలున్నాయా? ఎర్రగా? నువ్వు దొర్లిస్తుంటే కనపడ్డాయి.”

“ఉన్నాయి. అయితే?”

“అవి కన్నాలు. పోర్టు నుంచి ఏ డ్రమ్ము వచ్చినా ముందు పుర్రె బొమ్మ ఉందేమో చూస్తాను. ఉంటే ఊచ ఎర్రగా కాల్చి, అడుగున మూడు కన్నాలు పొడుస్తాను. ఈ షెడ్డు పెట్టిన కాణ్ణుంచీ అదే పద్ధతి. విషం డ్రమ్ములో నీళ్లు నిలవకూడదు. నిలిస్తే ఎవరో ఒకరు తాగుతారు.”

“కడిగితే పోదేటి? మా పాపాయమ్మ నాలుగుసార్లు కడిగినాది. కుంకుడుకాయ, బూడిద, సింతపండు, అన్నీ ఎట్టి తోమినాది.”

“ఇత్తడి బిందైతే పోద్ది. గాజు సీసా అయినా పోద్ది. ఇది పాలిథీను. మందుని పీల్చుకుని ఒంట్లో దాచుకుంటాది. వాసన పోద్ది, మందు పోదు. ఎండన పెట్టి నీళ్లు పోశావా, రోజూ కాస్త కాస్త కక్కుతాది. అందుకే కన్నాలు...”

“ఆ కన్నాలు నువ్వే పూడ్సీసి నీళ్ల డ్రమ్మని అంటగట్టీసినావు!”

“అబ్బా... చెవి, చెవి... వదులు. చెప్తన్నాను. నేను మాటు వేస్తే ఇలా ఉంటుందా? నీలం డ్రమ్ముకి నీలం ముక్కే వేస్తాను. ఇస్త్రీ పెట్టినట్టు చదును చేస్తాను, తడిమినా తెలీదు. ఇది చూడు, పిడక కొట్టినట్టుంది. ఆ కత్తితోనే ఎర్రది కొంచెం గీకు. అగ్గిపెట్టె బల్ల మీదుంది. కాల్చి వాసన చూడు.”

“నన్నాడిస్తన్నావా?”

“చెయ్యి మిషను నోట్లో పెట్టుకుని ఎవడాడిస్తాడు? కాల్చు.”

“...కాలతంది.”

“మంట ఎలా ఉంది?”

“కింద నీలం. పైన పసుపు. సుక్కలు సుక్కలు కారతంది.”

“వాసన?”

“కొవ్వొత్తి ఆర్పినట్టుంది.”

“మంట అంచు ఆకుపచ్చగా ఉండి ముక్కు మండిపోతే అది పీవీసీ, పైపుల రకం. జుట్టు కాలిన కంపు వస్తే నైలాను. నల్లటి మసి రేగితే పెళుసు రకం, దువ్వెనలూ అవీ. కొవ్వొత్తి వాసనంటే పాలిథీనే. డ్రమ్ముది గట్టి రకం, ఈ మాటుది మెత్త రకం. రెండూ ఒక తల్లి పిల్లలే, అందుకే అతుక్కుంది. నా దగ్గర ఈ డ్రమ్ముల ముక్కలే బోలెడుండగా, ఏ మగ్గో కోసి మాటెందుకు వేస్తాను?”

“మగ్గా?”

“మగ్గో, సబ్బుపెట్టో...”

“ఎర్ర మగ్గా?”

“ఏమైంది నూకాలూ?”

“మా పోతమ్మ మగ్గు. ఎర్రది. తిరనాళ్లలో కొన్నాను. మగ్గు పోనాదని రెండ్రోజులు ఏడ్సినాది. కాకెత్తుకుపోనాదని దానమ్మ సెప్పినాది.”

“ఊళ్లో ఎర్ర మగ్గులు ఎన్ని లేవు? ఒదిలెయ్. ఇంక డ్రమ్ము అవతల పెట్టు.”

“ఈ నడిమిదాని మీద గీతలేటి?”

“ఏం లేదు. గీతలే.”

“ముసలోడా, ఏటిది?”

“...వేలిముద్ర. వేడి మీద అదిమితే పడింది.”

“నీ రెండో సెయ్యి ఇలా తే. బొటనేలు ఎట్టు. ఎట్టు! ...నీది పట్టడం నేదు. నాదీ పట్టడం నేదు. ఇది సిన్నది. ఆడమనిసి ఏలు.”

“బేటా, టైము చూడు. మూడవుతోంది...”

“దాని బొటనేలు బొబ్బెక్కినాది. ఏటే అనడిగితే గంజి వొలికినాదన్నాది.”

“గంజే ఒలికుంటుంది.”

“ఆ ముందురోజే కొట్టినాను దాన్ని. డూటీ దిగొచ్చినాను, ఒళ్లంతా ఖనిజం దుమ్ము, కడుక్కుందామంటే సెంబుడు నీళ్లు నేవు. ఉక్కు ఫ్యాక్టరీ పనులకి జనం దిగిపోనారు, కుళాయి మూడ్రోజులకోపాలి వత్తంది, నానేటి సేసేదన్నాది. ఎదురు సెప్తావా అని కొట్టినాను.”

“తెలుసు.”

“నీకెలాగ తెలుసు?”

“డ్రమ్ముకి వచ్చినప్పుడు కన్ను వాచి మూసుకుపోయింది. ఏమ్మా అంటే గుమ్మం తగిలిందంది.”

“పుర్రె బొమ్మ సూపించినావా దానికి? నీళ్లు పొయ్యొద్దని సెప్పినావా?”

“ఇప్పుడెందుకు బేటా అదంతా?”

“సెప్పినావా, నేదా?”

“చెప్పాను.”

“అయితే తెలిసే పూడ్సీసినాది. తెలిసే మా గుంట సేత తాగించీసినాది. పైన నీ పేరు సెప్పినాది.”

“తెలిసి కాదు నూకాలూ! కడిగితే పోద్దనుకుంది. తను కూడా తాగింది కదా ఆ నీళ్లు! నువ్వొచ్చేసరికి నీళ్లుండాలి, లేకపోతే మళ్లీ కొడతావని...”

“సెయ్యి తీసీ.”

“ఏంటి?”

“తాడు కోసీసినాను, సెయ్యి తీసీ. నీకూ నాకూ ఏటీ నేదు. తప్పుకో.”

“కత్తి ఇలా ఇయ్యి. కత్తెందుకు? ఎక్కడికి?”

“ఆసుపత్రికి.”

“ఒళ్లో చంటోడున్నాడు నూకాలూ!”

“వాణ్ణి తీసి పక్కనెట్టి మరీ కోత్తాను. తలుపుకడ్డం నిలబడకు, నెగు. నెగు ముసలోడా, నేకపోతే ముందు నీ పొట్టలో దిగుద్ది.”

“ఆగు. దించు కావాలంటే, కానీ ఒక్క మాట విని దించు. నేను అబద్ధమాడాను.”

“ఏటి?”

“చెయ్యి పోద్దని భయమేసి అబద్ధమాడాను. మాటు వేసింది నేనే.”

“మగ్గు...”

“అటు చూడు, నా కుప్పలో ఎర్ర మగ్గులు ఎన్నున్నాయో. చేతికందింది కోసి వేసేశాను.”

“ఆ ఏలిముద్ర?”

“నాదే. వేడి ప్లాస్టిక్కు చల్లారితే కుంచించుకుపోద్ది. దాంతో పాటు ముద్రా చిన్నదైపోద్ది. ఈ పని చేసేవాణ్ణి ఎవణ్ణైనా అడుగు. నీళ్ల డ్రమ్మని చెప్పి పాపాయమ్మకి నేనే ఇచ్చాను. ఆ పిచ్చితల్లికి ఏమీ తెలీదు. నిజమే చెప్పింది నీకు.”

“ఒట్టు? ఒట్టెయ్యనన్నావు కాదా ఇందాక? ఎయ్యి సూద్దాం!”

“అల్లా మీద ఒట్టు.”

“బల్బు ఎలిగినాది. ...కరెంటొచ్చీసినాది. మిషను తిరగతంది.”

“తిరగనీ. నువ్వు ఆ తలుపు దగ్గర్నుంచి ఇటు రా బేటా. ఈసారి కట్టక్కర్లేదు, చెయ్యి నేనే పెడతాను.”