కొండ తుమ్మిన పేజీ

బడి వదిలి గంట దాటింది. మూడో తరగతి గదిలో ఇద్దరే మిగిలారు: బల్లల మీంచి రాక్షసబల్లుల బొమ్మల కథల పుస్తకాలు ఏరుకుంటున్న టీచరమ్మ, నాన్న కోసం ఎదురుచూస్తున్న ఎనిమిదేళ్ళ పిల్ల.

“శనివారం మనం వేషాలేసి చదివే కథలో చెట్టుకి మాటలుండవు కదా టీచర్.”

“ఉండవు. కానీ చెట్టు లేకపోతే అడవే లేదు. రాక్షసబల్లులన్నీ ఏం తింటాయి చెప్పు?”

“నిన్నటిదాకా నేను పెంకుటోపీని.”

“అవుననుకో...”

“గుడ్డులోంచి బయటికొచ్చినా పెంకు నెత్తిమీదే పెట్టుకు తిరుగుతుంది కదా, ఆ పిల్లబల్లి. అట్టతో టోపీ కూడా చేసుకున్నాను. ఇవాళ పొద్దున చెట్టునైపోయాను.”

“దానికి మాటలెక్కువ తల్లీ. శనివారం అమ్మానాన్నలందరూ... పెద్దవాళ్ళందరూ వస్తారు. పైగా ‘బొమ్మల పుస్తకంతో చదువేంటమ్మా’ అని పెద్దసారు ఒకటే గొణుగుడు. వాచకం తీస్తే ఆవలించే పిల్లలు ఇది తీస్తే ఎలా ఎగబడి చదువుతారో చూపిస్తానని ఆయనకి మాటిచ్చాను. మధ్యలో ఎవరైనా ఆగిపోతే నా పరువేం కాను?”

“నేను ఆగను. నాకు మొత్తం వచ్చు. చెప్పనా?”

“ఇప్పుడొద్దులే.”

“‘అమ్మా, అమ్మా, కొండ తుమ్ముతోంది! దానికి జలుబు చేసిందా?’ అంటాను. అప్పుడు పొడుగుమెడ అమ్మ, ‘వానలో తడవొద్దంటే విన్నదా ఆ కొండ!’ అంటుంది.”

“బాగా చెప్పావు. మీ నాన్న ఇంకా రాలేదేం?”

“వస్తాడు. ఈ మధ్య రోజూ ఆలస్యమే. టీచర్, ముప్పై రెండో పేజీ ఎందుకు తెరుచుకోదు?”

“ఏ పేజీ?”

“ముప్పై రెండు, ముప్పై మూడు. రెండూ కలిపి పిన్నులు కొట్టి ఉన్నాయి.”

“అదా... అచ్చు తప్పు పడిందమ్మా. రంగులు అలుక్కుపోయాయి. అందుకని...”

“అందరి పుస్తకాల్లోనా?”

“అన్నీ ఒకేచోట అచ్చయినవే కదా.”

“మన పిన్నులే టీచర్. నీలం రంగువి. మీ సొరుగులో డబ్బాలో ఉంటాయే, అవి.”

“అమ్మో, నీ కళ్ళే కళ్ళు!”

“ఇరవై ఎనిమిది పుస్తకాలకీ కొట్టారా?”

“కొట్టాను. వేలు కూడా పొడుచుకున్నాను. చాలా? ఇక సంచీ సర్దుకో.”

“ఎప్పుడో సర్దేశా. కథలో ఆ కోరపళ్ళ రాక్షసబల్లి నోరు తెరుస్తుంది కదా టీచర్...”

“ఇప్పుడు కోరపళ్ళది ఎందుకొచ్చింది?”

“దాని చేతులు పొట్టి కదా, వీపు అందదు. ‘కాస్త వీపు గోకండి బాబూ’ అని అడగడానికి నోరు తెరుస్తుంది. పళ్ళు చూసి అందరూ పరుగో పరుగు. మీరు ఆ గొంతు పెడితే క్లాసంతా పడీ పడీ నవ్వుతుంది.”

“నువ్వూ నవ్వుతావుగా.”

“నేను నోరు తెరిచినా అంతే టీచర్.”

“అంటే?”

“నేనొస్తే పక్కపిల్ల పొడుగుమెడ అమ్మ బొమ్మ కనబడకుండా పుస్తకం మూసేస్తుంది. కొత్త రకం జడ ఎవరు వేశారే అంటే ‘మా అ...’ అని ఆగిపోతుంది. ఇంట్లో నాన్నని అమ్మ గురించి ఏదైనా అడిగితే ‘కుళాయి కట్టేశానో లేదో’ అని లేచి వెళ్ళిపోతాడు. కుళాయి కట్టేసే ఉంటుంది టీచర్.”

“అయ్యో, తల్లీ...”

“మీరేమో పిన్నులు కొట్టారు.”

“నీ మంచికే కదే. అందులో ఏముందో నీకు తెలీదు.”

“తెలుసు. కొండ పేలాక పొడుగుమెడ అమ్మ ఇక లేవదు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరూ చెప్పలేదు. స్కేలుతో పిన్నులు లేపి చదివాను. చదివి మళ్ళీ కొట్టేశాను.”

“మళ్ళీ ఎందుకు కొట్టావు?”

“మీరు చూస్తే బాధపడతారని.”

“...ఉండు, బయట ఏదో చప్పుడైంది. మీ నాన్నేమో చూసొస్తా.”

“చూశారా, మీరూ లేచి వెళ్ళిపోతున్నారు.”

“లేదు. లేదమ్మా. ఇదిగో, కూర్చున్నాను. ఎక్కడికీ వెళ్ళను.”

“కళ్ళు తుడుచుకోండి ముందు.”

“తుడుచుకున్నాలే. అది చదివి ఏడ్చావా?”

“మొదట నవ్వొచ్చింది.”

“నవ్వా?”

“పెంకుటోపీ వాళ్ళమ్మని లేపుతూ, ‘అమ్మా, లే. కొండ తుమ్మడం ఆపేసింది’ అంటుంది. మా అమ్మ కూడా తుమ్మేది టీచర్. మొదలుపెట్టిందంటే ఒకదానితో ఆగేది కాదు. నేనూ నాన్నా వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాళ్ళం. ‘తండ్రీకూతుళ్ళకి నా ముక్కు తప్ప ఇంకేం దొరకలేదా’ అని తిట్టేది. అది గుర్తొచ్చి నవ్వాను. నవ్వాక ఏడ్చాను. ఇప్పుడు మా ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు.”

“ఎన్ని?”

“ఏంటి టీచర్?”

“మీ అమ్మ. వరసపెట్టి ఎన్నిసార్లు తుమ్మేది?”

“నిజంగా అడుగుతున్నారా?”

“నిజంగానే. తెలుసుకోవాలనుంది.”

“ఆరు. ఎప్పుడూ ఆరే. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు.”

“ఆరా! అమ్మో, ఆ కొండని మించిపోయింది మీ అమ్మ.”

“టీచర్, మీరు నవ్వుతున్నారు!”

“నవ్వుతున్నాను. ఏడుస్తున్నాను. నువ్వు చెప్పావే, అలాగే.”

“మరి శనివారం పెంకుటోపీ ఎవరు?”

“నువ్వే. ఆ రెండు పేజీలూ చదువుదాం. మాట మర్చిపోయి ఆగితే ఆగు, పెద్దసారుకి నేను చెప్పుకుంటా. పిన్నులు మాత్రం అన్ని పుస్తకాలవీ నువ్వే పీకాలి. మీ నాన్నని ముందు వరసలో కూర్చోబెడదాం.”

“కూర్చోడు టీచర్. అమ్మ మాట రాగానే కుళాయి చూడ్డానికి లేచి... నాన్నా! ఎప్పుడొచ్చావ్? తలుపు దగ్గరే నించున్నావేం?”

“ఆరు కాదే చిట్టీ... ఏడు. మనం నవ్వుతామని, ఏడోది వంటింట్లోకి పారిపోయి తుమ్మేది.”