వీపు వైపు అతుకు

ఎవరు, ఈ ఫొటోలో చేతికి గుడ్డ చుట్టుకుని నిలబడ్డాయనా? మా బాబాయి తల్లీ, మా నాన్నకు తమ్ముడు. నువ్వు పుట్టేసరికే పోయాడు. దెబ్బ తగిలి కట్టుకున్న గుడ్డ కాదది. పాత కత్తిని ఒట్టి చేత్తో ముట్టుకునేవాడు కాదు, చెమట తగిలితే వేలిముద్ర తుప్పై కూర్చుంటుందని. మ్యూజియంలో ఆయుధాల గది ఆయన చేతి కింద ఉండేది. ఊళ్ళో కత్తుల మాస్టారనేవాళ్ళు. ఇంట్లో వంకాయ తరగమంటే మాత్రం వేలు తెగ్గోసుకునే రకం. మా పిన్ని, "లోకంలో కత్తులన్నీ ఈయనకు చుట్టాలే, మా వంటింటి కత్తిపీట ఒక్కటే పగ" అనేది. పిన్ని మాటలు అట్లా ఉండేవి. ఆవిడ గురించి చెప్పాలంటే అదో కథ, ఇంకోసారి చెప్తాను.

ఏం చెబుతున్నాను... ఆ, బాబాయి. ఆయనకో అలవాటుండేది. చూసేటప్పుడు చూసింది చూసినట్టు పైకి చెప్పుకుంటూ పోయేవాడు. "ఉక్కులో నీటి అలలున్నాయి. రుద్దితే పోవట్లేదు, లోపలి నుంచి వచ్చినవే. పిడి ఈ కత్తిది కాదు, తర్వాత తగిలించారు. పిడిలో లక్క కొత్తది, ఇంకా మెరుస్తోంది." ఇట్లా. ఆగడు, ఆలోచించడు. అంతా అయ్యాక కూర్చుని ఆలోచిస్తాడు. ఎందుకు బాబాయి అంటే, "ముందు ఆలోచిస్తే మనకు కావలసిందే కనబడుతుందిరా. నోరు కంటి వెనకాలే నడవాలి, బుర్ర వెనక నడవకూడదు" అనేవాడు. నేను కాలేజీలో చరిత్ర చదివినవాణ్ణి, నాకది భలే నచ్చింది. పిన్నికి నచ్చేది కాదు. అన్నం ముందు కూర్చున్నా అంతే కదా. "నూనె పైకి తేలింది. ఉప్పు ఒక పక్కకే పడింది." "చూసింది చాలు, ఇక తినండి" అనేది పిన్ని.

ఆ అలవాటే కొంప ముంచింది.

మా ఊళ్ళో పాత ఆయుధాలు పోగేసిన అన్నదమ్ములిద్దరుండేవాళ్ళు. పెద్ద ఇల్లు, మేడ మీద హాలంతా గోడల నిండా కత్తులు, డాళ్ళు, కవచాలు. అసలు పిచ్చి అన్నగారిది. బాబాయికి ఆయన మంచి స్నేహితుడు. ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ ఒక్క కత్తి ముందేసుకుని చీకటి పడేదాకా వాదించుకునేవాళ్ళు. ఇనుప రింగులు ఒకదాన్లో ఒకటి గుచ్చి అల్లిన గొలుసు కవచం ఒకటుండేది అక్కడ. ఎవరైనా వస్తే చాలు, అన్న దాన్ని తొడుక్కుని అద్దం ముందు తిరిగేవాడు. బొజ్జ దగ్గర పట్టక ఊపిరి బిగబట్టేవాడట. తర్వాత ఒకనాడు ఆయన కనబడ్డం మానేశాడు. "అన్నయ్యకూ నాకూ మాటా మాటా వచ్చింది. దూరదేశం వెళ్ళిపోయాడు, మా ముఖం చూడనన్నాడు" అన్నాడు తమ్ముడు. ఊరు నమ్మింది. బాబాయీ నమ్మాడు. నమ్మాడు గానీ నొచ్చుకున్నాడు, నాకైనా ఒక ముక్క చెప్పకుండా పోయాడే అని. ఏళ్ళు గడిచిపోయాయి.

అప్పుడు తమ్ముడి నుంచి కబురొచ్చింది. వస్తువులన్నీ అమ్మేస్తున్నాను, ఏది ఎప్పటిదో, ఎంత పనితనముందో మీరు తేల్చి సంతకం పెడితే కొనేవాడికి నమ్మకం, అని. బాబాయి నన్ను తోడు రమ్మన్నాడు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది, స్కూటరుంది, అదీ కారణం. నా పనల్లా చిన్న అద్దం పట్టుకుని కిటికీలోంచి వచ్చే ఎండను ఆయన చూసే చోట పడేట్టు తిప్పడం. మధ్యాహ్నం పూట. తమ్ముడు మా వెనకాలే నిలబడ్డాడు. ఎంత మర్యాదో, మంచినీళ్ళు కూడా తనే తెచ్చిచ్చాడు.

కత్తులు అయ్యాయి కొన్ని. కవచం బల్ల మీద పరిచారు. బాబాయి మొదలుపెట్టాడు. "తీగ చేత్తో తీసింది, ఒకచోట లావు, ఒకచోట సన్నం. ప్రతి రింగుకీ చివరలు చదును చేసి మేకు కొట్టారు. ఎంత ఓపిక మహానుభావుడికి." తిరగేశాడు. "వీపు వైపు. ఎడమ రెక్క కింద అరచేతి మేర అతుకు. ఇక్కడ తీగ వేరు. మర మీద లాగిన తీగ, సైకిలు చువ్వలా ఒకే లావు. మేకుల్లేవు, చివరలు నొక్కి వదిలేశారు. అతుకు పక్కనున్న పాత రింగులు లోపలికి వంగి ఉన్నాయి. వంగినచోట తుప్పు లేదు. ఇది పాత దెబ్బ కాదు, ఈమధ్యదే, మనిషి ఒంటి మీదుండగా వెనక నుంచి..."

అక్కడ ఆగాడు. ఆయన ఆగడం నేనెప్పుడూ చూడలేదు. నోరు ముందెళ్ళిపోయింది, బుర్ర అప్పుడే వచ్చి చేరింది. ఆ కవచం అన్న ఒంటి మీద ఎన్నిసార్లు చూశాడో, అప్పుడు వీపు వైపు ఈ అతుకు లేదు. నా చేతిలో అద్దం పక్కకు తిరిగి ఎండ గోడ మీదికి పోయింది. వెనక నుంచి తమ్ముడు మెల్లగా, "చెప్పండి మాస్టారూ, ఆగారేం" అన్నాడు. బాబాయి మెడ మీద చెమట బొట్టు చొక్కాలోకి దిగడం నేను చూస్తూనే ఉన్నాను. "ఎవరో చేతకాని వాడు మరమ్మతు చేశాడండీ. ధర తగ్గుతుంది" అన్నాడు. "అంతేనా?" "అంతే." "అయితే మిగతావి రేపటి నుంచి చూద్దాం. మీరొక్కరే రండి, అబ్బాయికి ఆఫీసు ఉంటుందిగా" అన్నాడు. ఆఫీసు సంగతి నేను చెప్పలేదు.

ఇంటికొచ్చి సంగతి చెబితే పిన్ని ససేమిరా అంది. "జ్వరమని కబురు పెట్టండి. పోలీసులకు చెప్పండి." "ఏం చెప్పమంటావు, నాలుగు రింగులు కొత్తవని చెప్పనా? ఆ ఇంట్లో భోంచెయ్యని అధికారి ఉన్నాడా?" అన్నాడు బాబాయి. "నేను వెళ్ళకపోతే నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసిపోతుంది. అప్పుడు ఆయనే ఇక్కడికొస్తాడు. పిల్లలున్న ఇల్లు." రోజూ వెళ్ళేవాడు. సాయంత్రమయ్యేసరికి పిన్ని గేటు దగ్గర బియ్యం చేట పట్టుకుని నిలబడేది. చేటలో రాళ్ళుండేవి కావు, ఏరినవే మళ్ళీ ఏరేది. ఆయన నడక వినబడగానే లోపలికెళ్ళి ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గర కూర్చునేది. "ఏమన్నాడు?" "కత్తి అందించాడు, చూశాను." "వెనకాల నిలబడ్డాడా?" "నిలబడ్డాడు." అంతే, ఆ ఇంట్లో అప్పుడు నడిచిన మాటలు.

చివరి రోజున పిన్ని నన్ను పిలిచి, "సెలవు పెట్టి ఆయన వెంట వెళ్ళు నాయనా, వద్దంటే మెట్ల మీద కూర్చో" అంది. వెళ్ళాను. తమ్ముడు నన్ను చూసి కాదనలేదు, కుర్చీ కూడా వేశాడు. పట్టుగుడ్డలో చుట్టినదేదో తెచ్చి బాబాయి ముందు పెట్టాడు. "ఇదొక్కటే మిగిలింది. మీ అలవాటు ప్రకారం పైకి చెప్పండి. మీరు మౌనంగా చూస్తుంటే నాకు తోచడం లేదు" అన్నాడు.

బాకు. చిన్నది. బాబాయి దాన్ని కిటికీ వైపు తిప్పి చూశాడు. అబద్ధం ఆడతాడనుకున్నాను తల్లీ, ఆడాలని మనసులో దండం పెట్టుకున్నాను. ఆయన వల్ల కాలేదు. చేతిలో ఇనుముంటే ఆయన నోట అబద్ధం రాదు. గొంతు ఎత్తకుండా, ఎవరికో పాఠం చెబుతున్నట్టు చెప్పాడు. "మంచి ఉక్కు. ఒళ్ళంతా పలచన, మొన దగ్గర దళసరి. ఇట్లాంటి మొన కవచం రింగులు విడదీసి లోపలికి దిగడానికి చేస్తారు. మొనకు రెండు పక్కలా గీతలున్నాయి, రింగులు ఒరుసుకున్న గీతలు. గీతల్లో తుప్పు లేదు." బాకు కింద పెట్టాడు. "ఇంతవరకే నాకు కనబడేది. పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఇనుము చెప్పదు."

తమ్ముడు తలుపు వైపు నడిచాడు. గడియ వేస్తాడనుకున్నాను. ఆయన తలుపు బార్లా తీశాడు. బాకును మళ్ళీ గుడ్డలో చుట్టి, రెండు చేతులా పట్టుకుని బాబాయికిచ్చాడు. "ఇది అమ్మను. మీరుంచుకోండి, అన్నయ్యకు మీరంటే ప్రాణం" అన్నాడు. తీసుకోక ఏం చేస్తాడు? తీసుకుంటేనే ఆ తలుపు దాటతాం. స్కూటరు వెనక కూర్చుని సగం దారిలో నా భుజం పట్టుకుని ఆపించాడు. "అర్థమైందిరా? రేపెవరైనా అన్నగారి ఎముకలు తవ్వి తీస్తే, బాకు మా ఇంట్లో ఉంటుంది. ఆయనకు స్నేహితుణ్ణి నేను, ఆదివారాలు వచ్చి వాదులాడిందీ నేనే" అన్నాడు.

పారెయ్యొచ్చుగా అంటావు. నేనూ అన్నాను. రేపు తమ్ముడు తిరిగి అడిగితే ఏం చూపించాలి? అదీగాక, స్నేహితుడు ఎటూ వెళ్ళలేదని చెప్పేది లోకంలో అదొక్కటే, దాన్ని నూతిలో వేసే మనసు బాబాయికి లేదు. కింద పడుకుంటే గేటు చప్పుడు సరిగ్గా వినబడదని మేడ మీద వీధి వైపు గదిలోకి మారాడు. అక్కడే పోయాడు. పోయే ముందు ఆ బాకు నా చేతిలో పెట్టాడు.

తమ్ముడూ పోయాడు. కానీ మొన్న ఆయన కొడుకు ఫోను చేశాడు. గొంతు అచ్చం వాళ్ళ నాన్నదే, అంత మర్యాద. "మా నాన్నగారి బాకు ఒకటి మీ ఇంట్లో ఉండాలట కదండీ. ఒకసారి వచ్చి చూసుకుంటాను" అన్నాడు.

నేనేం చెప్పానా...

కొళాయిలో నీళ్ళొస్తున్నట్టున్నాయి. వెళ్ళి బిందె పెట్టు తల్లీ. అట్లాగే ఆ వీధి తలుపు వేసిరా.